చీర మీది చీటీ ఏ ప్రశ్నకు జవాబు?

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే జాతీయ రహదారి మీద చౌటుప్పల్ దరిదాపుల్లో ‘పోచంపల్లి చీరలు’ అన్న బోర్డులు కనిపిస్తూ ఉంటాయి. నల్లగొండలో పుట్టి పెరిగిన నాకు ఆ దారి చిన్నప్పటి నుంచి తెలుసు. రెండేళ్ల కిందట మా పిన్ని కూతురి పెళ్లికి చీరలు కొందామని అక్కడ ఒక దుకాణంలో ఆగాం. గోడకు రెండు చీరలు పక్కపక్కనే వేలాడుతున్నాయి. రెండింటి మీదా ఒకే తరహా బొమ్మ, ఒకే ముదురు ఎరుపు. రెండింటికీ ఒకే అట్టముక్క కట్టి ఉంది: ‘చేనేత సంప్రదాయం, ప్రకృతికి నేస్తం, నేతన్నకు అండ’. ఒకదాని వెల రెండోదానికి ఆరు రెట్లు.

చవక చీర కొంగు తిరగేసి చూశాను. వెనక వైపు రంగు వెలిసినట్టుంది. మిల్లు గుడ్డ మీద, పోచంపల్లి నేతకు పేరైన ఇక్కత్ బొమ్మను అచ్చు వేశారు. ఆ సంగతి అడిగితే అమ్మే కుర్రవాడు తడబడలేదు. ‘‘డిజైన్ చేనేత సంప్రదాయమే కదమ్మా’’ అన్నాడు. అతని మాటలో పట్టుకోవడానికి అబద్ధం లేదు. అట్టముక్క మీద కూడా లేదు. ‘చేనేత చీర’ అని ఎక్కడా రాయలేదు, ‘చేనేత సంప్రదాయం’ అని రాశారు. చదివేవాళ్లు మొదటి మాట దగ్గరే ఆగిపోతారని రాసినవాళ్లకు తెలుసు.

వ్యాపారంలో నీతికీ, నీతి పేరుతో చేసే ప్రచారానికీ మధ్య గీత ఎక్కడ ఉందో వెతకాలంటే ఆ అట్టముక్క దగ్గర మొదలుపెట్టడం మేలనిపించింది. పచ్చి అబద్ధాన్ని పట్టుకోవడం తేలిక. నిజమైన మాటలనే ఏరి, పేర్చి, అసలు ప్రశ్న అడగాలన్న ఊహే రాకుండా చేయడం వేరే విద్య. మన జిల్లాల్లో చీర మీద, నీళ్ల డబ్బా మీద, విత్తనం సంచి మీద, బడి గోడ మీది దాత పేరు మీద ఈ విద్య రోజూ కనబడుతూనే ఉంది.

ముందు చీర సంగతి చూద్దాం. ఇక్కత్‌లో బొమ్మ బట్ట మీదికి రాకముందే నూలులో పుడుతుంది. బట్టలో అడ్డంగా నడిచే పేక నూలును ఆసు పోస్తారు. అంటే అర్ధచంద్రాకారపు చట్రానికి ఉన్న మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పుతారు. ఆ తర్వాత బొమ్మ లెక్క ప్రకారం దారాల గుంపులను రబ్బరు పేలికలతో బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. కట్లు విప్పి, మళ్లీ వేరే చోట కట్టి, మళ్లీ ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు ఇదే పని. చివరికి మగ్గం మీద పేక దారం, నిలువు దారాల పడుగులో సరిగ్గా దాని చోట పడితేనే బొమ్మ నిలుస్తుంది. పుట్టపాక అనే నేత ఊళ్లో లాగా పడుగుకూ పేకకూ రెండింటికీ కట్టి నేసే డబుల్ ఇక్కత్ అయితే ఆ లెక్క ఇంకా కఠినం. రంగు నూలులోనే ఉంది కాబట్టి బట్టకు రెండు వైపులా బొమ్మ ఒకేలా కనిపిస్తుంది, అంచుల దగ్గర మాత్రం కాస్త చెదిరినట్టుంటుంది. అచ్చు వేసిన గుడ్డలో ఆ చెదురు ముందువైపు బొమ్మలోనే గీసి ఉంటుంది. వెనక వైపు చూస్తే గుట్టు తెలిసిపోతుంది.

ఇంత పని ఉన్న వస్తువుకు నకళ్లు రాకుండా ఉండవు. అందుకే గుర్తులు వచ్చాయి. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పుట్టపాక తేలియా రుమాలు అనే ఇక్కత్ గుడ్డకు 2020లో దక్కింది. పట్టుకు సిల్క్ మార్క్ 2004లో, చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్ 2006లో వచ్చాయి. ఇవన్నీ అవసరమైనవే, వీటికోసం నేతగాళ్లు ఎంతో శ్రమపడ్డారు. అయితే ఒక్కో గుర్తు ఒక్కో ప్రశ్నకే జవాబు చెబుతుంది. భౌగోళిక గుర్తింపు ఈ వస్తువు ఫలానా ప్రాంతంలో, ఫలానా పద్ధతిలో తయారైందని చెబుతుంది. హ్యాండ్లూమ్ మార్క్ ఇది చేతిమగ్గం మీద నేసిందని చెబుతుంది. సిల్క్ మార్క్ ఇందులో ఉన్నది అసలు పట్టు అని మాత్రమే చెబుతుంది. మరమగ్గం మీద నేసిన పట్టుచీరకు కూడా అది ఉండవచ్చు, అందులో తప్పేమీ లేదు. కొనేవాళ్లకు మాత్రం ఏ గుర్తు చూసినా మిగతా అన్ని ప్రశ్నలకూ కలిపి జవాబు దొరికినట్టు అనిపిస్తుంది. గుర్తు కనిపించింది, హోలోగ్రామ్ మెరిసింది, మనసు కుదుటపడింది.

ఈ గుర్తుల్లో ఏదీ అడగని ప్రశ్న ఒకటుంది. నేసినవారికి ఎంత ముట్టింది? చాలా మగ్గాలకు నూలూ డిజైనూ, నేత పని చేయించే మాస్టర్ వీవర్ ఇస్తారు. నేసినవారికి చీరకు ఇంత అని కూలి వస్తుంది. ఆసు పోసినందుకు, కండెలు చుట్టినందుకు ఇంట్లో ఆడవాళ్లకు వేరే కూలి లెక్క ఉండదు, అదంతా ఆ చీర కూలిలోనే కలిసిపోతుంది. 2019-20 నాటి నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలోని నేత కుటుంబాల్లో సుమారు మూడింట రెండు వంతుల ఆదాయం నెలకు 5,000 రూపాయల లోపే. ‘నేతన్నకు అండ’ అని రాసిన అట్టముక్కను ఈ అంకె పక్కన పెట్టి చదవాలి. ఆ అండ ఎన్ని రూపాయలు? ఏ నేతన్నకు? ఆ మాట నమ్మి నేను ఎక్కువ ఇచ్చిన సొమ్ములో ఎంత భాగం మగ్గం గుంట దాకా వెళ్లింది? జవాబు చెప్పగల దుకాణాలు లేకపోలేదు, కానీ అవి తక్కువ.

నీతి ఎలా ఉంటుందో చూడాలంటే అదే నేలలో చూడవచ్చు. ఆలేరు ప్రాంతంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి ఆసు పోయలేక భుజం నొప్పితో బాధపడటం చూశారు. ఒక్క చీరకు దారాన్ని సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పాలి. నాలుగైదు గంటల పని. ఏళ్ల తరబడి అప్పులు చేసి, విఫలమై, మళ్లీ మొదలుపెట్టి, 1999లో ఆసు యంత్రాన్ని నిలబెట్టారు. దానికి తల్లి పేరే పెట్టారు, లక్ష్మి ఆసు యంత్రం అని. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ బిరుదుకు చాలా ముందే ఎందరో ఆడవాళ్ల భుజాలకు ఆ యంత్రంతో ఊరట దొరికింది. ఆ పని నీతి అని పేరు పెట్టుకోలేదు, అమ్మకపు మాటగా మొదలు కాలేదు. ఒక మనిషి నొప్పిని తన లెక్కలోకి తీసుకోవడంతో మొదలైంది.

నీళ్ల పేరు, నీళ్ల గుణం

చీర ఏడాదికి ఒకటో రెండో కొంటాం. నీళ్లు రోజూ కొంటున్నాం. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడు నీళ్లు ఒక తరాన్ని వంచేశాయి. ఆ ఊళ్లలో నడుం వంగిన పెద్దల్ని, కాళ్లు వంకరపోయిన పిల్లల్ని చూసి పెరిగిన మాకు తాగునీరు అన్న మాట వినగానే గుండెలో ఏదో కదులుతుంది. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చని భారత ప్రమాణాలు చెబుతాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తీసే పద్ధతిని జాతీయ పర్యావరణ పరిశోధనా సంస్థ నీరీ రూపొందించింది. దాని పేరే నల్లగొండ టెక్నిక్. మా జిల్లా పేరు శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కింది ఆ బాధ వల్లనే.

ఆ భయం నుంచే ఊరూరా ఆర్వో ప్లాంట్లు వచ్చాయి. అవి మేలు చేశాయి, కాదనలేను. కానీ వాటి నీళ్లకు అందరం పెట్టుకున్న పేరు చూడండి: మినరల్ వాటర్. ప్రమాణాల పుస్తకంలో సహజ మినరల్ వాటర్‌కు ఐఎస్ 13428 అని ఒక ప్రమాణం ఉంది. నేలలోంచి సహజంగా వచ్చే, తన లవణాలు తనలోనే ఉన్న ఊట నీటికి అది వర్తిస్తుంది. శుద్ధి చేసి నింపే తాగునీటికి ఐఎస్ 14543 అని వేరే ప్రమాణం. ఆర్వో చేసే పని నీటిలో కరిగిన లవణాలను చాలావరకు తీసేయడం. లవణాలు తీసేసిన నీటికి లవణాల నీరు అని పేరు పడింది. ఎవరో ఒకరు కూర్చుని కుట్రపన్ని పెట్టిన పేరని నేననను. కానీ ఆ పేరు అమ్మకానికి పనికొచ్చింది, అందుకే ఎవరూ దిద్దలేదు.

ఇక్కడ అడగవలసింది పేరు గురించి మాత్రమే అయితే ఇంత చెప్పేదాన్ని కాదు. ఆర్వో ప్లాంటు లోపలికి తీసుకున్న నీటిలో కొంత భాగాన్ని వృథా నీరుగా బయటికి తోస్తుంది. నీటిలోంచి తీసిన ఫ్లోరైడు, లవణాలు అందులో చిక్కగా ఉంటాయి. అది ఎక్కడికి పోతోంది? పక్క కాలువలోకా, చెరువులోకా, మళ్లీ బోరు దగ్గరి నేలలోకా? వడపోత పొరలు చివరిసారి ఎప్పుడు మార్చారు? నీటిని పరీక్షకు ఎప్పుడు పంపారు? ‘స్వచ్ఛత మా ప్రాణం’ అని డబ్బా మీద రాసిన యజమాని ఆ పరీక్ష కాగితాన్ని గోడకు అంటిస్తే ఆ నినాదం లేకపోయినా నష్టం లేదు. కాగితం లేకుండా నినాదం ఒక్కటే ఉంటే, కొనేవాడి నమ్మకం తప్ప దాని వెనక ఏమీ లేనట్టే.

దానం పలక మీద రాయనివి

ఊళ్లలో ఇలాంటి ప్లాంట్లకు కొన్నిచోట్ల కంపెనీల పేర్లతో పలకలు కూడా ఉంటాయి, ‘సామాజిక బాధ్యతతో’ అని. ఈ బాధ్యత వెనక ఉన్న చట్టాన్ని తెలుసుకోవడం మంచిది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ గాని, 1,000 కోట్ల టర్నోవరు గాని, 5 కోట్ల నికర లాభం గాని ఉన్న కంపెనీ గడిచిన మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. 2014 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. ఖర్చు చేయకుండా మిగిలిన సొమ్మును ఏ నిధికి బదిలీ చేయాలో కూడా ఇప్పుడు చట్టమే చెబుతోంది. కాబట్టి పలక మీద కనిపించే దానంలో చాలా భాగం చట్టం చేయించిన ఖర్చు. పన్ను కట్టినందుకు బోర్డు పెట్టుకోం కదా.

2021లో ఈ నిబంధనలను సవరించినప్పుడు ఒక ముఖ్యమైన వాక్యం చేరింది. తమ సరుకుకు ప్రచార లాభం కోసం స్పాన్సర్ చేసే కార్యక్రమాలు ఈ సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) లెక్కలోకి రావని. మనం ఇక్కడ వెతుకుతున్న గీతను చట్టం ఒకచోట గీసి చూపించింది. అయినా ఒక ప్రశ్న చట్టం చేతికి అందనిది. లాభంలో రెండు శాతం ఎక్కడ ఖర్చయింది అన్నదానికంటే ఆ లాభం ఎలా వచ్చింది అన్నది పెద్ద ప్రశ్న. పరిశ్రమల వ్యర్థాలతో బోరు నీళ్లు రంగు మారాయని చౌటుప్పల్, పోలేపల్లి చుట్టుపక్కల పల్లెల వాళ్లు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. అలాంటి పల్లెలో ఏ కంపెనీ అయినా నీళ్ల ప్లాంటు కట్టించిందంటే, తన ఫ్యాక్టరీ గోడ వెనక కాలువ సంగతి ముందు చెప్పి, ఆ తర్వాత ప్లాంటు గురించి చెప్పాలి. కంపెనీ అసలు వ్యాపారంలోని హానిని తగ్గించడం నీతికి మొదటి పాఠం. దానధర్మాలు ఎంత పెద్దవైనా ఆ పాఠం తర్వాతివే.

గద్వాల పొలాల్లో

గద్వాల అనగానే చీర గుర్తొస్తుంది. నూలు ఒళ్లు, పట్టు అంచు, పట్టు కొంగు. కానీ అయిజ, మల్దకల్, ధరూరు, గట్టు వైపు పొలాల్లోకి వెళ్తే వేరే పంట కనిపిస్తుంది. దాన్ని సీడ్ పత్తి అంటారు. దేశమంతటా రైతులు కొనే హైబ్రిడ్ పత్తి విత్తనాల్లో పెద్ద భాగం ఈ నల్లమట్టిలో, ఎర్రమట్టిలో తయారవుతుంది. విత్తనం సంచి మీద నవ్వే రైతు బొమ్మ ఉంటుంది, ఆ విత్తనాన్ని పుట్టించిన చేతుల బొమ్మ ఉండదు.

ఈ చేతుల పని గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే వ్యాపార నీతి గురించి నాకు తెలిసిన వాటిలో దీనికంటే తేటగా విషయం విప్పే ఉదాహరణ లేదు. హైబ్రిడ్ విత్తనం కావాలంటే ఆడ మొక్కగా పెట్టుకున్న పత్తి పువ్వు తన పుప్పొడి తాను తీసుకోకూడదు. మర్నాడు విచ్చబోయే మొగ్గను ఈ సాయంత్రమే గుర్తించి, దాని పైపొర ఒలిచి, పుప్పొడి తిత్తులను గోటితో తీసేయాలి. మర్నాడు పొద్దున మగ మొక్క పువ్వు తెచ్చి ఆ కీలాగ్రానికి రాయాలి. ప్రతి పువ్వుకూ ఇంతే. ఒక మొగ్గ తప్పిపోయినా విత్తనం శుద్ధత దెబ్బతింటుంది. దీన్నే క్రాసింగ్ అంటారు. నెలల తరబడి, రోజూ, వంగి, ఎండలో, మందు చల్లిన చేనులో. సాగు ఖర్చులో అత్యధిక భాగం ఈ కూలిదే.

1990ల చివరి నుంచి పరిశోధకులు ఈ చేలలో తిరిగి ఒక నిజాన్ని బయటపెట్టారు. ఈ పనిలో ఎక్కువమంది చిన్నపిల్లలు, అందులోనూ ఆడపిల్లలు. అప్పటి మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల పేర్లు విదేశీ పత్రికల్లోకి ఎక్కాయి. కంపెనీలు కదిలాయి. 2005 ప్రాంతం నుంచి కొన్ని పెద్ద సంస్థలు ‘మా విత్తనంలో బాలకార్మికులు లేరు’ అని ప్రతిజ్ఞలు చేశాయి, తనిఖీలు పెట్టాయి, బడులకు సాయం చేశాయి. ఇందులో నిజమైన పని కూడా జరిగింది, పిల్లల సంఖ్య తగ్గింది. ఆ తగ్గుదలను చిన్నచూపు చూడను, ప్రతి అంకె వెనక ఒక అమ్మాయి బడికి వెళ్లింది.

అయితే 2005లోనే వెలువడిన ఒక అధ్యయనం వేలు పెట్టి చూపిన చోటు వేరు. కంపెనీ రైతుకు ఇచ్చే సేకరణ ధర ఎంత? ఆ ధరతో పెద్దవాళ్లకు మార్కెట్ కూలి ఇచ్చి క్రాసింగ్ చేయిస్తే రైతుకు మిగిలేది చాలా తక్కువ, లేదా ఏమీ లేదు. అంటే పిల్లల చవక కూలి ఆ ధరలోనే ముందుగా లెక్కకట్టి ఉంది. ధరను అలాగే ఉంచి ‘పిల్లల్ని పెట్టుకోవద్దు’ అని రైతుకు చెప్పడమంటే భారమంతా అతని నెత్తిన పెట్టి, పేరు మాత్రం కంపెనీ తీసుకోవడమే. రైతుకూ కంపెనీకీ మధ్య ఆర్గనైజర్లు ఉంటారు. కంపెనీ మూల విత్తనం ఇస్తుంది, ధర చెబుతుంది, చివర్లో, విత్తనాన్ని మొలిపించి పెంచి శుద్ధత చూసే జీవోటీ పరీక్షలో పాసైన సరుకే తీసుకుంటుంది. చాలామంది రైతుల చేతిలో ఒప్పంద పత్రం కూడా ఉండదు. పరీక్షలో తప్పిందంటే ఆ ఏడాది శ్రమంతా రైతు నష్టం. ఇన్ని విషయాల్లో చేయి చాపి అదుపు చేయగలిగిన కంపెనీ, కూలి విషయానికి వచ్చేసరికి ‘అది రైతు చూసుకోవాలి’ అనడం నాకు న్యాయంగా తోచదు.

2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించారు. 14 ఏళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు, కానీ బడి వేళల తర్వాత, సెలవుల్లో సొంత కుటుంబపు పనికి సాయపడవచ్చని మినహాయింపు ఇచ్చారు. అరెకరం, ఎకరం సీడ్ పత్తి వేసిన పేద కుటుంబంలో కూతురు మొగ్గలు ఒలిస్తే అది ఏ లెక్కలోకి వస్తుంది? కంపెనీ తనిఖీ పుస్తకంలో అది బాలకార్మికం కాకపోవచ్చు. రాష్ట్రంలోనే అక్షరాస్యత అతి తక్కువగా ఉన్న మండలాల్లో గట్టు ఒకటన్న సంగతి మాత్రం ఆ పుస్తకంతో మారదు.

అందుకే ఎక్కడ నీతి మాట విన్నా నేను అడగడం అలవాటు చేసుకున్న ప్రశ్న ఒకటి: ఈ మాట నిలబెట్టుకోవడానికి మీరు ఏమి వదులుకున్నారు? విత్తన కంపెనీ విషయంలో జవాబు సేకరణ ధరలో కనిపించాలి. పెద్దవాళ్ల కూలి గిట్టేలా ధర పెంచి, తన లాభంలో ఆ మేరకు తగ్గించుకున్న కంపెనీ ఉంటే, దాని కరపత్రంలో ఒక్క తీపి మాట లేకపోయినా నేను నమ్ముతాను.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది తోసిపుచ్చదగినది కాదు. పేరు కోసమే మంచి చేస్తే ఏం పోయింది? ఫలితం మంచిదే కదా? చాలావరకు ఒప్పుకుంటాను. అమ్మాయి బడికి వెళ్లిందంటే పంపినవాడి మనసులో ఏముందో తవ్వడం నా పని కాదు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, పేరు కోసం చేసే మంచి పేరు వచ్చే చోటికే వెళ్తుంది. ఫొటో తీయడానికి వీలైన చోట ఉంటుంది, ఫొటోకు అందని చోట ఉండదు. బడికి రంగులు వేయడం ఫొటోకు అందుతుంది, సేకరణ ధర పెంచడం అందదు. పేరు పాతబడగానే ఆ మంచి కూడా వేరే చోటికి మారిపోతుంది. కాబట్టి వ్యాపారి మనసును కొలవకుండా, ఆ పని ఎవరూ చూడని చోట కూడా జరుగుతోందా, చూసేవాళ్లు వెళ్లిపోయాక కూడా సాగుతోందా అని కనిపెట్టి ఉంటే చాలు.

దీనికి ఎదురు చివర ఇంకో అన్యాయం ఉంది. నిజంగా మంచి చేసేవాళ్లు చెప్పుకోకపోతే నకళ్ల ముందు ఓడిపోతారు. మహబూబ్‌నగర్ వైపు రసాయన ఎరువులు, మందులు లేకుండా వేరుశనగ, కంది పండించే చిన్న రైతును తీసుకోండి. ‘సేంద్రియం’ అని లేబుల్ వేసి దుకాణంలో అమ్మాలంటే ధ్రువీకరణ కావాలి. ఎగుమతులకు ఎన్‌పీఓపీ అనే ప్రభుత్వ ధ్రువీకరణ, దేశంలో రైతుల గుంపులే ఒకరినొకరు తనిఖీ చేసుకునే పీజీఎస్ పద్ధతి ఉన్నాయి. వాటి మీదే సేంద్రియ సరుకుకు వేసే జైవిక్ భారత్ ముద్ర వస్తుంది. కాగితాలు, ఫీజులు, తిరుగుళ్లు. పెద్ద వ్యాపారికి ఇది చిల్లర ఖర్చు, రెండెకరాల రైతుకు ఒక పంట లాభం. చిన్న రైతు తన పంటను నేరుగా తినేవాళ్లకే అమ్ముకుంటే ధ్రువీకరణ అక్కర్లేదని ఆహార భద్రతా సంస్థ 2017 నిబంధనల్లో మినహాయింపు ఉంది, కానీ అప్పుడు ఆ ముద్ర వాడుకోకూడదు. అంటే ముద్ర లేనంత మాత్రాన అబద్ధమని అనుకుంటే మనం ఆ రైతుకు అన్యాయం చేసినట్టే. ముద్ర ఉన్నవాడిని ఆ ముద్ర పరిధి దాకే నమ్మాలి. ముద్ర లేనివాడి పొలం దాకా వీలైతే వెళ్లాలి. ఈ రెండోది నగరంలో ఉన్నవాళ్లకు కష్టం, మన జిల్లాల్లో ఉన్నవాళ్లకు ఒక ఆదివారం పని.

చట్టం చేతిలో ఏముందో క్లుప్తంగా చెబుతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పర్యావరణం పేరుతో చేసే ప్రచారానికి ప్రత్యేక మార్గదర్శకాలు తెచ్చింది. ‘పర్యావరణహితం’, ‘సహజం’ లాంటి స్పష్టత లేని మాటలు వాడితే వాటికి ఆధారం చూపాలి, ఏ భాగానికి వర్తిస్తాయో చెప్పాలి. సరుకుకా, పెట్టెకా, తయారీకా అన్నది తేల్చాలి. ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది. షేరు మార్కెట్లో ఉన్న పెద్ద వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి ప్రతి ఏటా తమ బాధ్యతల నివేదిక ఇవ్వాలి. అందులో కార్మికుల వేతనాలు, ప్రమాదాలు, వాడిన నీరు, వదిలిన వ్యర్థాలు అంకెల్లో ఉంటాయి. ఆ నివేదికలు ఎవరైనా చదవవచ్చు. జర్నలిస్టులు, విద్యార్థులు ప్రకటన చూసిన ప్రతిసారీ ఆ నివేదిక కూడా తెరిస్తే చాలా విషయాలు వెలుగులోకి వస్తాయి.

పోచంపల్లికి వెళ్లిన ప్రతిసారీ ఆ ఊరి పేరులోని ‘భూదాన్’ దగ్గర నా ఆలోచన ఆగుతుంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ముందు దళిత కుటుంబాలు భూమి లేదని చెప్పినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానన్నారు. అడిగింది ఎనభై. ఆ మాటకు విలువ ఎకరాల్లో ఉంది, లెక్కపెట్టవచ్చు, సర్వే నంబరు చూడవచ్చు, ఎవరి పేరు మీదికి వచ్చిందో అడగవచ్చు. ఆ తర్వాత దేశమంతటా లక్షల ఎకరాలు దానం ప్రకటించారు. వాటిలో చాలా భాగం రాళ్లూ గుట్టలూ, వివాదాల్లో ఉన్నవి, ఎవరికీ పంచనివి. ఒకే ఉద్యమంలో రెండు రకాల మాటలూ ఉన్నాయి. వాటిని వేరుచేయగలిగింది తర్వాత ఎవరో ఓపికగా లెక్క చూశారు కాబట్టే.

పెళ్లి చీర చివరికి ఆ రహదారి దుకాణంలో కొనలేదు. పోచంపల్లి ఊళ్లోకే వెళ్లాం. సందులో ఒక చిన్న దుకాణం, వెనక గదిలో మగ్గం చప్పుడు. అట్టముక్కలు లేవు. సహజ రంగులా అని అడిగితే యజమాని తల అడ్డంగా ఊపాడు. ‘‘లేదమ్మా, రసాయన రంగే. పేక ఒక్కటే ఇక్కత్, పడుగు మామూలుదే. డబుల్ ఇక్కత్ కావాలంటే పుట్టపాక చీర ఉంది, చూపిస్తాను, ధర బాగా ఎక్కువ’’ అన్నాడు. మేం తీసుకున్న చీర వెల కూడా బయటి కంటే కొంత ఎక్కువే. ఎందుకని మా పిన్ని అడిగింది. ఆయన రసీదు పుస్తకం వెనక్కి తిప్పి పెన్సిలుతో రాసి చూపించాడు: పట్టు నూలుకు ఇంత, రంగుకు ఇంత, దారాలకు చిటికి కట్లు కట్టినందుకు ఇంత, నేతకు ఇంత, దుకాణానికి ఇంత. నేతకూ దుకాణానికీ మధ్య ఇంకో వరస ఉంది. అదేమిటని అడిగాను. ఆసు పోసి కండెలు చుట్టినందుకు లోపల ఉన్న తన కోడలికి ఇచ్చే కూలి అని చెప్పాడు.